కనిపించని కష్టం: డిస్లెక్సియా, డిస్ప్రాక్సియా

కాలు విరిగినవాడికి కట్టు కనిపిస్తుంది. చూపు మందగించినవాడికి కళ్ళజోడు కనిపిస్తుంది. ఒళ్ళు కాలిపోతుంటే నుదుటిమీద చెయ్యి వేసి చూడవచ్చు. అలాంటివారు బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి “మీరు కూర్చోండి” అంటారు. కాని పైకి ఏ ఆనవాలూ లేకుండా, పుట్టుకతో వచ్చి జీవితాంతం వెన్నంటి ఉండే కష్టాలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండింటికి లోకం పెట్టిన పేర్లు మనందరికీ తెలుసు: మొద్దు, సోమరి, పరధ్యానం, పనికిరాని చేతులు. వైద్యశాస్త్రం పెట్టిన పేర్లు డిస్లెక్సియా, డిస్ప్రాక్సియా.

నాకు రెండూ ఉన్నాయి. మన కళాశాలలోనే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. కనుక ఈ వ్యాసం సగం లైబ్రరీలో చదివినది, సగం అనుభవంలో నేర్చినది. విద్యార్థి మిత్రులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు దీన్ని ఒక పాఠంగానే చదవాలని నా కోరిక. జాలి కోసం వ్రాయడం లేదు.

పేర్ల వెనుక కథ

రెండు పేర్లూ గ్రీకు భాషనుంచి వచ్చినవే. ‘డిస్’ అంటే కష్టంతో కూడిన అని, ‘లెక్సిస్’ అంటే మాట అని, ‘ప్రాక్సిస్’ అంటే క్రియ అని అర్థం. అంటే మొదటిది అచ్చులో ఉన్న మాటతో వచ్చే చిక్కు. రెండవది చేతలతో వచ్చే చిక్కు.

1887లో జర్మన్ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ తన గ్రంథంలో ‘డిస్లెక్సియా’ అన్న మాట వాడాడు. ఆయన వర్ణించింది మెదడుకు జబ్బు చేసి, అంతకుముందు వచ్చిన చదువును పోగొట్టుకున్న పెద్దవాళ్ళను. ఇదే స్థితి పుట్టుకతో కూడా ఉండవచ్చునని 1896 నవంబరు 7 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంగ్లండులోని సీఫర్డ్‌నుంచి ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు వ్రాశాడు. ఆయన చూసిన కుర్రవాడి పేరు పెర్సీ, వయసు 14. తెలివైనవాడు, ఆటల్లో చురుకైనవాడు. ఏడవ ఏటినుంచి బడిలోనో, ఇంటి మాస్టర్ల దగ్గరో చదువుతూనే ఉన్నాడు. అయినా చిన్న చిన్న మాటలు సైతం చదవలేడు. తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి వ్రాశాడు. అంకెలు మాత్రం అతనికి ఏ ఇబ్బందీ పెట్టలేదు. చదువంతా నోటితోనే చెప్పినట్లయితే బడి మొత్తంలో వీడే అందరికన్నా చురుకైనవాడు అవుతాడని అతని మాస్టారి అభిప్రాయం.

పాఠకులు ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలని మనవి. ఆ మాస్టారికి డిస్లెక్సియా అన్న పేరు తెలియకపోవచ్చు. కాని పిల్లవాడి బుద్ధి వేరు, పిల్లవాడి చదువురాత వేరు అన్న సంగతి తెలిసింది. నూటపాతికేళ్ళ పరిశోధన చెప్పే మొదటి పాఠం కూడా అదే.

డిస్ప్రాక్సియా కథ ఇంకా ఆలస్యం. చాలాకాలం ఆ పిల్లల్ని ‘మొరటు చేతుల పిల్లలు’ అన్నట్టుగానే వైద్యులూ పిలిచారు. ఆస్ట్రేలియా నాడీవైద్యుడు గబ్బే 1975లో వెలువరించిన పుస్తకానికి పెట్టిన పేరు కూడా ఇంచుమించు అదే. 1987లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం దీన్ని ‘డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్’ అన్న పేరుతో తన పట్టికలో చేర్చింది. బడి ఈడు పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఇది ఉంటుందని అంచనా. డిస్లెక్సియా నూటికి 5 నుంచి 10 మందికి ఉంటుందంటారు. ఒకరికే రెండూ ఉండడం అరుదేమీ కాదు. అరవైమంది కూర్చున్న క్లాసులో కనీసం ముగ్గురైనా ఉంటారన్నమాట. వారెవరో మనకు తెలియదు.

చదువు ఎక్కడ చిక్కుపడుతుంది?

మాట్లాడడం మనిషికి ప్రకృతి ఇచ్చింది. చదవడం మనిషి కల్పించుకున్న విద్య. లిపి పుట్టి దాదాపు అయిదువేల ఏళ్ళే అయింది. చదవడానికంటూ మెదడులో పుట్టుకతో వచ్చిన భాగం లేదు. చూపుకు, మాటకు పనికివచ్చే భాగాలనే కలిపి, ఒక కొత్త దారి వేసుకోవాలి. డిస్లెక్సియా ఉన్నవారికి ఆ దారి అంత సులువుగా పడదు. చాలామందికి అసలు చిక్కు కంటిలో లేదు, ధ్వనిలో ఉంది. మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడగొట్టడం, ఆ ధ్వనుల్ని కాసేపు మనసులో నిలుపుకోవడం, చప్పున అక్షరంతో జతచేయడం అన్నవి వారికి ఆలస్యమవుతాయి. ‘అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి’ అన్నది ప్రచారంలో ఉన్న మాట మాత్రమే. కొత్తగా చదువు నేర్చే పిల్లలందరూ కొన్నాళ్ళు అక్షరాలు తిప్పి వ్రాస్తారు.

“తెలుగులో ఎలా వ్రాస్తామో అలాగే చదువుతాం గదా, మనకు ఈ బాధ ఎందుకుంటుంది?” అని ఒక మిత్రురాలు అడిగింది. మంచి ప్రశ్న. ఇంగ్లీషులో ‘దో’, ‘త్రూ’, ‘కాఫ్’, ‘టఫ్’ అనే నాలుగు మాటల చివరా ఓ, యు, జి, హెచ్ అన్న అక్షరాలే ఉంటాయి. ఉచ్చారణ నాలుగు రకాలు. తెలుగులో ఆ దౌర్జన్యం లేదు. ఐతే తెలుగుకు తన చిక్కులు తనకున్నాయి. ‘వాడు’కు ‘పాడు’కు, ‘మామ’కు ‘మాయ’కు మధ్య తేడా ఒక చిన్న గీత. ‘స్త్రీ’ అన్న మాట చూడండి. నోటితో అనేటప్పుడు ‘ఈ’ అన్న ధ్వని అన్నిటికన్నా చివర వస్తుంది. వ్రాతలో ఆ గుడిదీర్ఘం మొదటి హల్లు అయిన సకారం నెత్తిన కూర్చుంటుంది. తకారం కిందికి పోతుంది, రకారం పక్కకు పోతుంది. అలవాటైన కన్ను దీన్నంతా ఒక్క బొమ్మలా మింగేస్తుంది. నా కన్ను ప్రతిసారీ ముక్కలు ఏరుకుని, వరస పేర్చుకుని, అప్పుడు చదువుతుంది.

దీనికి సంబంధించి 2001లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి చెప్పుకోదగ్గది. పౌలేసూ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాలలో డిస్లెక్సియా ఉన్న మనవంటి విశ్వవిద్యాలయ విద్యార్థులనే పరీక్షించారు. ఇటాలియన్ భాషకు తెలుగులాగే వ్రాతకు, పలుకుకు పొత్తు ఎక్కువ. కనుక చదవడంలో ఇటలీ విద్యార్థులు తక్కిన ఇద్దరికన్నా మెరుగ్గా కనిపించారు. కాని మెదడును స్కాన్ చేసి చూస్తే మూడు దేశాలవారిలోనూ ఎడమవైపు ఒకే ప్రాంతంలో పని తక్కువగా నమోదయింది. లిపి సులువైతే తప్పులు తగ్గుతాయి. లోపలి శ్రమ తగ్గదు. తెలుగు మాధ్యమంలో చదివిన డిస్లెక్సియా విద్యార్థి తప్పు లేకుండానే చదివి, సగం పేపరు దగ్గరే గంట కొట్టించుకుని లేచి రావచ్చు. ‘చదవడం వచ్చు గదా, ఇంకేం జబ్బు?’ అని అందరూ అనుకునేది అందుకే.

చేయి తిరగకపోవడం

తెలుగులో ‘చేయి తిరిగిన’ అనే చక్కని మాట ఉంది. చేయి తిరిగిన వంటవాడు, చేయి తిరిగిన శిల్పి అంటాం. ఒక పనిని పదేపదే చేస్తే అది బుద్ధి చేతిలోనుంచి ఒంటి చేతిలోకి దిగుతుంది. సైకిలు నేర్చినవాడు కాళ్ళ సంగతి మరచి పక్కవాడితో కబుర్లు చెబుతూ తొక్కుతాడు. డిస్ప్రాక్సియాలో ఈ దిగడం చాలా ఆలస్యం, కొన్ని పనుల్లో ఎప్పటికీ పూర్తికాదు. కండరాలలో బలహీనత లేదు, ఎముకల్లో దోషం లేదు. ఏ అవయవం ఎప్పుడు, ఎంత, ఏ వరసలో కదలాలన్న పథకం ప్రతిసారీ కొత్తగా వేసుకోవలసి వస్తుంది. హారీ పోటర్ చిత్రాల నటుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ తనకు స్వల్పంగా డిస్ప్రాక్సియా ఉందని, బూట్ల లేసులు కట్టుకోవడం ఇప్పటికీ ఒక్కొక్కప్పుడు కష్టమని 2008లో బయటపెట్టాడు.

నా సంగతి చెబుతాను. పొద్దున్న లేచి జడ వేసుకోవాలంటే మూడు పాయల్లో ఏది ఎటు పోవాలో కంటికి కనిపించని వీపువెనుక లెక్కవేసుకోవాలి. చీర కట్టే రోజైతే కుచ్చిళ్ళకు అరగంట. హాస్టలు మెస్సులో చారు గిన్నె ఒక చేత, కంచం మరొక చేత పట్టుకుని జనం మధ్యనుంచి నడవడం నాకు తాడుమీద నడక. ముగ్గుపిండి నా వేళ్ళమధ్యనుంచి సన్నని గీతగా జారదు, కుప్పలుగా పడుతుంది. సంక్రాంతినాడు మా అమ్మమ్మ “నీ ముగ్గు చీమలకు విందు లేవే” అని నవ్వేది. అందులో వెక్కిరింత లేదు గనుక నేనూ నవ్వేదాన్ని.

క్లాసులో నోట్సు చెబుతారు. వినడం, ఆ మాట గుర్తుపెట్టుకోవడం, దాని వర్ణక్రమం వెతకడం, చేతితో అక్షరం కట్టడం అనే నాలుగు పనులు ఒకేసారి జరగాలి. నేను రెండవ వాక్యంలో ఉండగా మాస్టారు అయిదవ వాక్యంలో ఉంటారు. రాత్రి స్నేహితురాలి నోట్సు చూసి వ్రాసుకుంటే ఒంటిగంట అవుతుంది. అందరికీ ఉన్న ఇరవైనాలుగు గంటల్లో నాకు మూడు గంటలు తక్కువ అనిపిస్తుంది.

ఇక ప్రయోగశాల. టైట్రేషన్ చేసేటప్పుడు ఎడమచేత్తో బ్యూరెట్ కుళాయి తిప్పాలి, కుడిచేత్తో ఫ్లాస్కు ఊపాలి, కన్ను రంగు మారే ఆ ఒక్క చుక్కకోసం కాపు వెయ్యాలి. రెండు చేతులు రెండు వేరువేరు పనులు చేయడమే డిస్ప్రాక్సియాకు గడ్డుపరీక్ష. మా లెక్చరరు ఒకరు ఇది గమనించి, “అమ్మాయ్, ఊపే పని మిషన్‌కు అప్పజెప్పు, నువ్వు కుళాయి చూసుకో” అని ఫ్లాస్కు కింద మాగ్నెటిక్ స్టిర్రర్ పెట్టించారు. ఆ రోజునుంచి నా రీడింగులు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. ఇందులో కెమిస్ట్రీ ఏమైనా తగ్గిందా? ఏమీ తగ్గలేదు. ఆమ్లం ఆమ్లమే, క్షారం క్షారమే, లెక్క నాదే. కష్టం ఉన్నచోట సాయం పెట్టి, పరీక్ష ఉన్నచోట పరీక్ష ఉంచడమంటే ఇదే.

దాచుకోవడానికి పడే శ్రమ

ఈ రెండు స్థితులూ కనిపించకపోవడానికి సగం కారణం వాటి స్వభావమైతే, సగం కారణం మేమే. దాచడం మాకు చిన్ననాడే వచ్చే విద్య. నేను చదివిన బడిలో వరసగా లేచి పాఠం పైకి చదవాలి. నా వంతుకు ఏ పేరా వస్తుందో ముందే లెక్కబెట్టి, దాన్ని కంఠస్థం చేసి, పుస్తకంవైపు చూస్తూ ఒప్పజెప్పేదాన్ని. దస్తూరీ బాగాలేదని చేతివేళ్ళమీద స్కేలుదెబ్బలు పడ్డాయి. కొట్టిన మాస్టారు చెడ్డవారు కారు. అక్షరం గుండ్రంగా ఉంటే మనసు నిలకడగా ఉందని నమ్మిన తరంవారు. ఆ దెబ్బలతో అక్షరం మారలేదు. వ్రాసింది చేత్తో మూసుకోవడం మాత్రం అలవాటైంది.

ఇలా దాచే శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు. హోటల్లో మెనూ చదవకుండా “నాకూ అదే” అనడం, ఫారం పూర్తిచేయమంటే “ఇంటికి తీసుకువెళ్ళి తెస్తాను” అనడం, షటిల్ ఆడమంటే తలనొప్పి అనడం. సాయంత్రానికి ఒళ్ళు అలిసేది చదువువల్ల కన్నా ఈ నటనవల్లే ఎక్కువ.

నాకు ఈ పేర్లు డిగ్రీ రెండవ ఏట తెలిశాయి. పరీక్షలు చేసి కాగితం ఇచ్చిన రోజున అమ్మ ఆ కాగితం బీరువాలో బట్టలకింద పెట్టి, “ఎవరికీ చూపించకే, రేపు సంబంధాలు చూడాలి” అన్నది. అమ్మ భయం అర్థంలేనిది కాదు. ‘బుద్ధిమాంద్యం’ అన్న మాటకు, ‘డిస్లెక్సియా’ అన్న మాటకు మన ఊళ్ళలో తేడా తెలియదు. 2007లో ‘తారే జమీన్ పర్’ సినిమా వచ్చాక కొంత మారింది. కాని ఆ సినిమాలోవాడు చిన్నపిల్లవాడు. పిల్లవాడు పెరిగి కాలేజీకి వచ్చాక ఇది పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. దారులు వెతుక్కోవడం మాత్రం వస్తుంది.

నేను ఈ వ్యాసం పేరు దాచకుండా వ్రాయడానికి కారణం ఒకటుంది. డిగ్రీలో మాతోపాటు చదివిన ఒక అబ్బాయి ఉండేవాడు. నోటితో అడిగితే ఆర్గానిక్ రియాక్షన్లు గడగడ చెప్పేవాడు. పేపరుమీద మాత్రం సగం ఖాళీ. రెండుసార్లు తప్పాక మానేసి వెళ్ళిపోయాడు. అతనికి ఉన్నది డిస్లెక్సియానే అని నేను తీర్పు చెప్పలేను. అడిగినవారు లేరు, పరీక్షించినవారు లేరు. 1896లో పెర్సీకి దొరికిన పాటి మాస్టారైనా అతనికి దొరకలేదు.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. వాటిలో ఇవి లేవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19నుంచి అమలులోకి వచ్చినది, ఆ సంఖ్యను 21కి పెంచింది. వాటిలో ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ ఒకటి. డిస్లెక్సియా, డిస్ప్రాక్సియా రెండింటి పేర్లూ చట్టంలోనే ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు వంటి మార్పులు చేయాలని పదిహేడవ సెక్షను చెబుతుంది. వైకల్యం 40 శాతం, అంతకు పైన ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఉంచాలని ముప్పైరెండవ సెక్షను. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

40 శాతం రానివారి గతి ఏమిటి? వ్రాసేటప్పుడు చేతికండరాలు బిగుసుకుపోయే వికాస్ కుమార్ అనే అభ్యర్థి సివిల్ సర్వీసుల పరీక్షకు సహాయకుణ్ణి కోరాడు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెబుతూ, 40 శాతం లేదన్న ఒక్క కారణంతో సహాయకుణ్ణి నిరాకరించరాదన్నది. ఇది మన విద్యార్థులందరూ తెలుసుకోవలసిన తీర్పు.

కొందరు మిత్రులు “గంట ఎక్కువ ఇస్తే మాకూ ఎక్కువ మార్కులు వస్తాయి గదా” అంటారు. ప్రశ్నకు జవాబు తెలిసినవాడికి గంట ఎక్కువ ఇస్తే కూర్చుని గోళ్ళు చూసుకుంటాడు. తెలియనివాడికి ఆ గంటలో జవాబు పుట్టదు. జవాబు తెలిసి, చేతికి దిగడం ఆలస్యమయ్యేవాడికే ఆ గంట పనికివస్తుంది.

మనం చేయదగినవి

దీనికి మందు లేదు, ఎందుకంటే ఇది రోగం కాదు. కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. తగిన శిక్షణ మాత్రం ఉంది. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ అనేవారు వేసిన బాటలో అక్షరాన్ని చూస్తూ, పలుకుతూ, వింటూ, వేలితో దిద్దుతూ నేర్పుతారు. ఇది మనకు కొత్త కాదు. అక్షరాభ్యాసంనాడు పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దిస్తాం. వీధిబడిలో ఇసుకమీద దిద్దుతూ పైకి అనిపించేవారు. కంటికి, చెవికి, నోటికి, వేలికి ఒకేసారి పాఠం చెప్పిన ఆ పద్ధతిని పట్టుదలగా, వరస తప్పకుండా సాగిస్తే చాలామంది పిల్లలకు దారి దొరుకుతుంది.

కాలేజీలో చేయదగినవి ఇంకా సులువు. అధ్యాపకులకు నా మనవి: పాఠం సారాంశం ఒక రోజు ముందు ఇవ్వండి. ముందు చెప్పకుండా ఎవరినీ లేపి పైకి చదవమనకండి. రికార్డుకు మార్కులు వేసేటప్పుడు బొమ్మ అందానికి ఎన్ని, ప్రయోగానికి ఎన్ని అన్నది విడిగా చూడండి. చక్కగా మాట్లాడే విద్యార్థి వ్రాతలో చతికిలబడితే, అశ్రద్ధ అని వ్రాసేముందు ఒకసారి పిలిచి నోటితో అడగండి.

విద్యార్థి మిత్రులకు: నోట్సు అడిగితే ఫొటో తీసుకోనివ్వండి. “ఏమే, ఇంతసేపా?” అన్న మాట ఒక్కటి మింగేయండి. ఈ వ్యాసం చదువుతూ “ఇది నా కథే” అనుకున్నవారు ఎవరైనా ఉంటే, అచ్చు పేజీని పైకి చదివి వినిపించే సౌకర్యం ఇప్పుడు ఫోన్లలో ఉంది, తెలుగులో కూడా ఉంది. వాడుకోండి, అది కాపీ కొట్టడం కాదు. నిపుణులచేత పరీక్ష చేయించుకోండి.

చివరగా మా కెమిస్ట్రీవాళ్ళ గర్వం ఒకటి చెబుతాను. అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి 2017లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో స్విట్జర్లాండువాసి జాక్ డుబోషే ఒకరు. ఆయన తన జీవిత వివరాల పట్టికలో డిగ్రీలతోపాటు మరొక అంశం వ్రాసుకున్నాడు: 1955లో తన రాష్ట్రంలో అధికారికంగా గుర్తింపబడిన మొట్టమొదటి డిస్లెక్సియా విద్యార్థి తానేనని. కష్టపడే ఇతరుల్ని అర్థంచేసుకోవడానికి అది తోడ్పడిందని కూడా చేర్చాడు. నోబెల్ అందరికీ రాదు, రానక్కర్లేదు. ఆయనను 13 ఏళ్ళ వయసులోనే ఎవరో గుర్తించారు, గుర్తించి చదువులో నిలిపారు. మన కళాశాల చేయగలిగింది కూడా అంతే. వచ్చే జూన్‌లో చేరబోయే మొదటి సంవత్సరం విద్యార్థుల్లో అలాంటివారు తప్పక ఉంటారు. వారు మధ్యలో మానేసి వెళ్ళకముందే మనం అడగాలి.